నవల వెంట అర్జీ ఎందుకు?

మన పిల్లలు నవలలు రాస్తున్నారు. సంతోషం. ఆ నవలల వెంట సంపాదకులకూ ప్రచురణకర్తలకూ పంపే ఉత్తరాలు మాత్రం ఇంకా సోమవారం గ్రీవెన్సులో ప్రాజెక్టు ఆఫీసరు చేతికి ఇచ్చే అర్జీల్లాగే ఉంటున్నాయి. పంపే ముందు ఒకసారి చూసిపెట్టండి మాస్టారూ అని నా దగ్గరికి తెచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. మొదటి పేరా ఇలా సాగుతుంది:

"గౌరవనీయులైన సంపాదకులు గారికి నమస్కరించి వ్రాయు విన్నపము. అయ్యా, నేను మారుమూల ఏజెన్సీ ప్రాంతంలో నిరుపేద గిరిజన కుటుంబంలో జన్మించాను. నా తల్లిదండ్రులు నిరక్షరాస్యులు. ఎన్నో కష్టాలకోర్చి ఆశ్రమ పాఠశాలలో చదువుకున్నాను. సాహిత్యంపై మక్కువతో ఈ నవల వ్రాశాను. ఇది నా తొలి ప్రయత్నం. భాషాదోషాలుంటే పెద్ద మనసుతో మన్నించి, వెనుకబడిన వర్గాల యువతను ప్రోత్సహించవలసిందిగా ప్రార్థన."

ఏడు వాక్యాలు. ఇందులో నవల ఎక్కడుంది? ఐదో వాక్యంలో "ఈ నవల" అన్న రెండు మాటలు. దాని పేరు లేదు. అందులో ఎవరున్నారో లేదు. వాళ్లకేమయిందో లేదు. అమ్మకు చదువు రాదని ఉంది, నాన్నకు రాదని ఉంది, తప్పులుంటాయని ముందే ఒప్పుకోలు ఉంది. రెండు వందల పేజీలు రాసిన మనిషి, వాటి గురించి చెప్పడానికి దొరికిన ఒకే ఒక్క అవకాశంలో, వాటి గురించి ఒక్క ముక్కయినా చెప్పలేదు.

ఈ రకం ఉత్తరం మనం రాయకూడదు. మొహమాటం లేకుండా చెప్పదలచుకున్నది ఇదే. వినయం చెడ్డదని కాదు. ఇది వినయం కాదు గనుక.

అర్జీకి ఒక తర్కం ఉంది. ఇచ్చేవాడు పైన, పుచ్చుకునేవాడు కింద. నువ్వెంత నిస్సహాయుడివని రాస్తే కాగితం అంతగా కదులుతుందని నమ్మకం. రేషను కార్డుకీ, బోరుబావికీ, డోలీ మోయకుండా ఆసుపత్రికి చేరే రోడ్డుకీ మన పెద్దలు అట్లాగే రాయించుకున్నారు. పెట్రోలు బంకు పక్కన బల్ల వేసుకున్న రాతగాడు ప్రతి కాగితానికీ ఒకే మొదలు, ఒకే తుది పెట్టేవాడు. అర్జీ పెట్టడం సిగ్గు పడాల్సిన పని అని నేను అనను. మన ప్రాంతంలో టీచరు పోస్టులు స్థానిక ఆదివాసీలకే అని 2000లో వచ్చిన జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేస్తే, మళ్లీ మనం కాగితాలు పట్టుకుని తిరగాల్సిందే, తిరుగుతున్నాం. అక్కడ అడుగుతున్నది హక్కు. దాన్ని ఇవ్వవలసిన బాధ్యత అవతలివాడిది.

సంపాదకుడు నీకు బాకీ లేడు. నువ్వూ అతనికి బాకీ లేవు. నీ దగ్గర ఒక వస్తువు ఉంది, అది అతనికి కావాలా వద్దా అన్నదే అక్కడి ప్రశ్న. సంతలో చింతపండు బుట్ట ముందు కూర్చున్న మన ఆడమనిషి "అయ్యా, నేను నిరుపేదను, ఈ చింతపండులో పిక్కలుంటే మన్నించండి" అని మొదలుపెట్టదు. బుట్ట మీద గుడ్డ తీస్తుంది. అంతే. కొనేవాడు చూస్తాడు, వాసన చూస్తాడు, బేరం ఆడతాడు. మన నవలా రచయిత మాత్రం బుట్ట మీద గుడ్డ తీయకుండా తన చిరిగిన చొక్కా చూపిస్తున్నాడు.

ఇది ఎక్కడ నేర్చుకున్నాం? బళ్లోనే. టీచర్లు కోప్పడినా సరే, ఈ మాట అనక తప్పదు. ఆశ్రమ పాఠశాలలో ఐదో తరగతి నుంచి పదో తరగతి దాకా మనం నేర్పే లేఖలు ఏవి? జ్వరం వచ్చింది సెలవు ఇప్పించండి. ఊళ్లో మంచినీళ్లు లేవు చర్య తీసుకోండి. గ్రంథాలయం ఏర్పాటు చేయించండి. అన్నీ అడుక్కునే లేఖలే. పదేళ్ల చదువులో ఒక్కసారైనా "నా దగ్గర ఒక మంచి విషయం ఉంది, నీకు తెలియదు, చెబుతాను విను" అనే లేఖ పిల్లవాడి చేత రాయించామా? రాయించలేదు. అలాంటప్పుడు ఇరవై రెండేళ్లకు నవల రాసి, దాని మీద సెలవుచీటీ అతికిస్తే పిల్లవాణ్ణి ఏమనగలం?

బయటి దేశాల్లో ఈ ఉత్తరం ఒక పెద్ద విద్య. అమెరికాలో, ఇంగ్లండులో పేరున్న ప్రచురణ సంస్థలు చాలావరకు రచయిత నేరుగా పంపిన రాతప్రతిని తీసుకోవు. మధ్యలో ఏజెంటు ఉంటాడు. నవల అమ్ముడుపోతే రచయితకు వచ్చేదాంట్లో మామూలుగా 15 శాతం అతనిది. ఆ ఏజెంటుకు రాసేది ఒక్క పేజీ ఉత్తరం. రోజూ అలాంటివి కుప్పలుగా వస్తాయి గనుక మొదటి పేరా చదివి మిగతాది చదవాలో లేదో తేల్చేస్తాడు. అందుకని ఆ ఒక్క పేరా కోసం వాళ్లు వారాల తరబడి కుస్తీ పడతారు. తెలుగులో ఏజెంట్లు లేరు. మన ఉత్తరం వారపత్రిక సంపాదకుడికో, నవలల పోటీ నిర్వాహకులకో, హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న చిన్న ప్రచురణకర్తకో, ఈ మధ్య అనువాదకులకో పోతుంది. మనుషులు వేరు, తీరిక లేకపోవడం ఒకటే. వాళ్ల బల్ల మీదా కట్టలుంటాయి. అమెరికా పద్ధతిని గుడ్డిగా తెచ్చుకోమనడం లేదు. అక్కడి ఉత్తరాల్లో గొప్పలు కొంచెం ఎక్కువే. కానీ మొదటి పేరాలో రచయిత కాదు, నవల కనబడాలి అన్న ఒక్క సంగతి మాత్రం వాళ్లు బాగా పట్టుకున్నారు. దాన్ని పుచ్చుకోవడానికి మనకు అడ్డేమిటి?

ఇక అర్జీ ధోరణి వదిలిన వాళ్లు పడే గుంట ఇంకొకటి ఉంది. నాకు అర్జీ కన్నా దీని మీదే ఎక్కువ కోపం. ఎందుకంటే దీన్ని డిగ్రీలు, పీజీలు చదివినవాళ్లు రాస్తారు.

"ఈ నవల ప్రకృతి ఒడిలో జీవించే అమాయక గిరిజనుల ఆచార వ్యవహారాలను, కట్టుబాట్లను, పండుగలను, వివాహ పద్ధతులను, మూఢనమ్మకాలను, వారు ఎదుర్కొంటున్న దోపిడీని కళ్లకు కట్టినట్టు చిత్రిస్తుంది."

ఇది నవల గురించి రాసిన వాక్యం కాదు, ఒక సర్వే పుస్తకానికి విషయసూచిక. హైమన్‌డార్ఫ్ 1940లలో ఆదిలాబాదు గోండు గూడేల్లో తిరిగి మన ఆచారాల మీద, పండుగల మీద, పెళ్లిళ్ల మీద లావుపాటి పుస్తకాలు రాశాడు. అది అతని పని, శ్రద్ధగానే చేశాడు. ఇవాళ గోండు పిల్లవాడు నవల రాసి, దానికి హైమన్‌డార్ఫ్ అధ్యాయాల పేర్లు తగిలిస్తే ఎలా? పైగా "అమాయక" అన్న మాట. ఎవరమ్మా అమాయకులు? తూకంలో మోసం చేసే షావుకారును పాతికేళ్లుగా భరిస్తూ, అతని మీద పాటలు కట్టి నవ్వుకునే మన అత్తలు అమాయకులా? "వారు" అన్న మాట ఇంకా ఘోరం. రాసింది కోయ పిల్ల. రాసింది కోయ ఊరి గురించి. ఉత్తరానికొచ్చేసరికి తన ఊరు "వారు" అయిపోయింది. ఒక్క సర్వనామంతో తను గట్టు దాటి అవతలికి వెళ్లి, మైదానం నుంచి బైనాక్యులర్ పెట్టి తన ఇంటినే చూస్తున్నది.

నైజీరియా రచయిత చినువా అచెబె 1958లో వేసిన 'థింగ్స్ ఫాల్ అపార్ట్' చాలామంది వినే ఉంటారు. చదవని టీచర్లు చదవండి. ఒకోంక్వో అనే ఇగ్బో మనిషి కథ. అతని పేరు, బలం, కోపం, భయం, ఊరు, భార్యలు, పిల్లలు, తప్పులు అన్నీ నవలంతా పరుచుకుని ఉంటాయి. చిట్టచివర అతను చనిపోయాక బ్రిటిష్ జిల్లా కమిషనర్ వస్తాడు. ఆ కమిషనర్ ఆ ప్రాంతపు ఆటవిక తెగలను ఎలా దారికి తెచ్చామో ఒక పుస్తకం రాసే ఆలోచనలో ఉన్నాడు. ఈ మనిషి గురించి ఒక అధ్యాయం రాయవచ్చా అనుకుని, అంత అక్కర్లేదు, ఒక పేరా చాలు అని తేల్చుకుంటాడు. నవల అక్కడ ఆగుతుంది. మనం అంతసేపూ చదివిన మొత్తం జీవితం ఆ దొర పుస్తకంలో ఒక పేరా!

మన ఉత్తరం మొదటి పేరా సంగతి కూడా అక్కడే ఉంది. నీ నవల గురించి ఒక పేరా ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు రాస్తారు. ప్రచురణకర్త వెనక అట్ట మీద రాస్తాడు. పత్రికలో సమీక్షకుడు రాస్తాడు. అవార్డు కమిటీలో ఎవరో చదివి వినిపిస్తారు. నువ్వు మొదట రాసిచ్చింది బాగుంటే వాళ్లలో చాలామంది దాన్నే అటూ ఇటూ మార్చి వాడుకుంటారు. ఎవరి తీరిక ఎంతో మనకు తెలియనిదా! నువ్వు రాసివ్వకపోతే కమిషనర్ పేరా వస్తుంది. అందులో "అమాయక", "అడవితల్లి బిడ్డలు", "మట్టివాసన", "గొంతు లేనివాళ్ల గొంతు" అన్నీ ఉంటాయి. మనకు గొంతు లేదని ఎవరు చెప్పారో నాకు తెలియదు. కొత్తల పండుగ రాత్రి మా ఊరు వచ్చి నిద్రపోవడానికి ప్రయత్నించమనండి.

సరే, ఎలా రాయాలి? మాటలతో చెబితే తేలదు, ఒక నవల ఊహించుకుందాం. ఒక తమ్ముడు రాశాడనుకోండి. కథ ఇది. లచ్చమ్మ అనే కోయ మనిషి. భర్త పోయాడు. నాలుగెకరాల పోడు ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా కావాలంటే 2005 డిసెంబరు 13 నాటికే ఆ భూమి సాగులో ఉందని రుజువులు చూపాలి. ఊరి పెద్దల వాఙ్మూలం ఒకటి దొరుకుతుంది. ఇంకొక రుజువు కావాలి. ఇంట్లో ఉన్న ఒకే ఒక పాత కాగితం, అడవి నరికాడని భర్త మీద ఫారెస్టువాళ్లు పెట్టిన కేసులో కోర్టు తీర్పు. ఆ చట్టం నిబంధనల ప్రకారం కోర్టు తీర్పు రుజువుగా చెల్లుతుంది. అంటే, నేరస్తుడని చెప్పిన కాగితమే హక్కుదారుడని చెప్పాలి. అయితే ఆ తీర్పులో, భర్తకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పిన మనిషి పేరు ఉంది. అతను లచ్చమ్మ సొంత తమ్ముడు. చదువు రాని లచ్చమ్మకు అది ఇన్నేళ్లూ తెలియదు. ఇవాళ ఆ తమ్ముడే ఊరి అటవీ హక్కుల కమిటీకి అధ్యక్షుడు.

మంచి కథే. మన తమ్ముడు మొదటిసారి ఉత్తరం ఇలా మొదలుపెడతాడు: "గిరిజనుల పోడు భూముల సమస్యలను, అటవీ అధికారుల దౌర్జన్యాలను ఎండగట్టే నవల." ఇది జిల్లా పేజీలో వచ్చే వార్తకు శీర్షిక. ఇలాంటి నవలలు వంద ఉండొచ్చు. లచ్చమ్మ ఇందులో లేదు. తీర్పు కాగితం లేదు. తమ్ముడు లేడు. తను కష్టపడి కనిపెట్టిన మెలిక ఏదైతే ఉందో, సరిగ్గా దాన్నే పక్కన పెట్టాడు.

కాదంటే రెండోసారి చరిత్ర మొదలుపెడతాడు. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవి మీద మన పెత్తనం పోయింది, ఆ తర్వాత 1/70 వచ్చింది, 1997లో సమతా తీర్పు వచ్చింది, ఆ తర్వాత... పేరా అయిపోతుంది. అన్నీ నిజాలే. మన యువతకు ఈ చరిత్ర తెలియడం అవసరమే. కానీ ఉత్తరం చదివేవాడికి ఇంకా ఒక్క మనిషీ పరిచయం కాలేదు. మూడోరకం, "మీరెప్పుడైనా అడవి ఏడవడం విన్నారా?" అని ప్రశ్న వేస్తాడు. వినలేదు, అని కాగితం పక్కన పెట్టే హక్కు చదివేవాడికి ఉంది.

ఇప్పుడు ఇది చూడండి:

"భర్తను జైలుకు పంపిన తీర్పు కాగితాన్ని లచ్చమ్మ ఇరవై ఏళ్లుగా ట్రంకుపెట్టెలో దాచింది. ఇప్పుడు నాలుగెకరాల పోడుకు పట్టా రావాలంటే ఆమె దగ్గరున్న కాగితం రుజువు అదొక్కటే. గ్రామసభకు ముందు రాత్రి, హాస్టలు నుంచి వచ్చిన మనవరాలు దాన్ని చదివి వినిపిస్తుంది. ఆనాడు భర్త మీద సాక్ష్యం చెప్పింది లచ్చమ్మ సొంత తమ్ముడు. రేపు ఆ కాగితం అందుకోవలసిన కమిటీ అధ్యక్షుడూ అతనే. బయటపెడితే తమ్ముడు ఊళ్లో తలెత్తుకోలేడు. దాచిపెడితే భూమి దక్కదు. 'తీర్పు కాగితం' రెండు వందల పేజీల నవల."

ఎనిమిది వాక్యాలు. అర్జీ కన్నా ఒక్కటే ఎక్కువ. ఇందులో "గిరిజన" లేదు, "అమాయక" లేదు, "దోపిడీ" లేదు. అయినా ఫారెస్టువాళ్ల పెత్తనం ఉంది, చట్టంలోని వెక్కిరింత ఉంది, చదువు రానందువల్ల ఒక మనిషి ఇరవై ఏళ్లు ఏమి తెలుసుకోలేకపోయిందో ఉంది, చదువుకున్న పిల్ల వల్ల ఆ ఇంటికి ఏమి వచ్చిపడిందో కూడా ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, శత్రువు బయటివాడు మాత్రమే కాదని ఉంది. మైదానం రచయిత ఈ కథ రాస్తే తమ్ముణ్ణి మంచివాడుగా చేసి ఫారెస్టు గార్డును మాత్రమే విలన్‌గా పెట్టేవాడేమో. మన ఊళ్లో ఎవరు ఎవరి మీద సాక్ష్యం చెప్పారో, ఏ భయం వల్ల చెప్పారో మనకు తెలుసు. ఆ తెలివిడి మనదనడానికి ఈ పేరానే రుజువు. వేరే కుల ధ్రువీకరణ పత్రం జతచేయనక్కర్లేదు.

ఇంకొకటి గమనించండి. ఆమెకేం కావాలో చెప్పాడు, అడ్డం ఎవరో చెప్పాడు, ఏమి పోతుందో చెప్పాడు. చివరికి ఏం చేసిందో చెప్పలేదు. మన పిల్లలు కొందరు ముగింపు కూడా ఉత్తరంలోనే రాసేస్తారు: "చివరికి ధర్మమే గెలుస్తుంది" అని. గెలిస్తే గెలవనీ, ముందే ఎందుకు చెప్పడం? ప్రచురణకర్త కథాసంగ్రహం విడిగా అడిగితే అందులో ముగింపుతో సహా రాయాలి. ఉత్తరం మొదటి పేరా అందుకు చోటు కాదు.

ఇక్కడ ఒక చేదు సంగతి. కొంతమంది ఈ పేరా రాయలేకపోతారు. భాష చాలక కాదు. తమ నవలలో ముఖ్యమైన మనిషికి ఏం కావాలో వాళ్లకే తెలియక. మూడు వందల పేజీల్లో పెళ్లిళ్లు, జాతరలు, చావులు, ఎన్నికలు, వరదలు అన్నీ ఉంటాయి. వాటన్నిటి మధ్య నుంచి ఒక మనిషి ఏదో ఒకటి కోరుకుంటూ నడవడు. అటువంటప్పుడు ఉత్తరాన్ని పక్కనబెట్టి నవల దగ్గరికి వెళ్లాలి. నవల పూర్తయ్యాక ఉత్తరం రాయడం కాదు, నవల సగంలో ఉన్నప్పుడే ఈ పేరా ఒకసారి రాసి చూసుకొమ్మని నేను మా పిల్లలకు చెబుతుంటాను. పేరా రాకపోతే నవల ఎక్కడ బురదలో దిగబడిందో అప్పుడే బయటపడుతుంది.

మన సంఘాల్లో పెద్దలు కొందరు దీన్ని ఒప్పుకోరు. "మనం సరుకు అమ్ముకోవడానికి రాయడం లేదు, నవల బాగుంటే అదే మాట్లాడుతుంది, ఈ ఆకర్షణలన్నీ మైదానం వ్యాపారపు పోకడలు" అంటారు. వాళ్ల మీద నాకు గౌరవం ఉంది, ఈ మాట మీద లేదు. కోయల డోలి కళాకారుడు పడిగె విప్పి పట్టుకుని కథ ఎత్తుకుంటాడు. ఆదిలాబాదులో ప్రధాన్ కింగ్రి మీద కమాను లాగి, తన గోండు పోషకుల గోత్రం కథ పాడతాడు. వాళ్లిద్దరూ వ్యాపారులు కారు. అయినా ఎదుట కూర్చున్నవాడు లేచి వెళ్లకుండా ఎక్కడ ఎత్తుకోవాలో వాళ్లకు తెలుసు. "మా నాన్న బడికి పోలేదు, గొంతు బాగోకపోతే మన్నించండి" అని ఏ డోలి కళాకారుడు మొదలుపెట్టాడు? కథ చెప్పేవాడు విన్నవాణ్ణి పట్టి కూర్చోబెట్టడం మన తాతల విద్య. అర్జీయే మనకు బయటి నుంచి వచ్చింది. మహారాజశ్రీ అని మొదలై తమ విధేయుడు అని ముగిసే ఆ కాగితం కచేరీల నుంచి వచ్చింది, పడిగె నుంచి రాలేదు.

ఇంకో వాదన యువత నుంచే వస్తుంది. "సార్, మనం ఆదివాసీలమని చెప్పకపోతే మనల్ని ఎవరు పట్టించుకుంటారు? అదే కదా మన బలం?" ఇందులో సగం నిజం ఉంది గనుక కొంచెం ఆగి మాట్లాడాలి. చెప్పొద్దనడం లేదు. ఎక్కడ, ఎందుకు చెప్పాలన్నదే తేడా. నవల గురించి చెప్పాక, రెండో పేరాలోనో మూడో పేరాలోనో రెండు వాక్యాలు రాయి: "నేను కోయను. ఇలాంటి కేసుల కోసం మా నాన్న వెంట కోర్టు అరుగుల మీద కూర్చుని పెరిగాను." ఇది జాలి కోసం చెప్పిన మాట కాదు, ఈ కథ చెప్పడానికి నాకున్న అర్హత ఇదీ అని చెప్పిన మాట. మొదటి పేరాలో "నిరుపేద గిరిజన కుటుంబంలో" అన్నదానికీ దీనికీ నేలకూ నింగికీ ఉన్నంత దూరం. మొదటిది చదివినవాడు నీ మీద దయ చూపాలా వద్దా అని ఆలోచిస్తాడు. రెండోది చదివినవాడు నీ నవల తెరవాలా వద్దా అని ఆలోచిస్తాడు.

దయ చూపేవాళ్లు ఏం చేస్తారో మనం చూస్తూనే ఉన్నాం. ఆగస్టు 9 వస్తుంది. ప్రపంచ ఆదివాసీ దినోత్సవం ప్రత్యేక సంచికకు "మీవాళ్లెవరైనా ఏదైనా రాస్తే పంపండి" అని ఫోను వస్తుంది. ఏదైనా అంటే ఏదైనా! బాగుందా లేదా అన్న ప్రశ్నే లేదు. ఆగస్టు 10 నుంచి మళ్లీ ఫోను ఉండదు. ఒక పత్రికవారు మా అమ్మాయి పంపిన కథను తిప్పి పంపుతూ, ఇందులో గిరిజన జీవితం లేదు అన్నారట. ఆ కథ నర్సింగు కాలేజీ హాస్టల్లో ఇద్దరు స్నేహితురాళ్ల మధ్య వచ్చిన మనస్పర్థ గురించి. ఇద్దరూ జాతాపు పిల్లలే. మన జీవితం ఏదో కూడా మనకన్నా వాళ్లకే బాగా తెలుసు! దీని ఫలితం ఎంత దూరం పోయిందంటే, మన పిల్లలు ముందే జాగ్రత్త పడుతున్నారు. ఒకామె చక్కటి ప్రేమ నవల రాసింది. సరదాగా, చిలిపిగా ఉంది. ఉత్తరంలో మాత్రం "గిరిజన బాలికల విద్యా సమస్యలపై నవల" అని రాసింది. ఎందుకమ్మా అంటే, "సమస్య ఉంటేనే వేస్తారు సార్" అంది. మొదటి పేరాలోనే నవల గురించి అబద్ధం చెప్పించే ఈ బజారును ఏమనాలి? మనకు ప్రేమ నవల రాసుకునే హక్కు కూడా లేదా? దయ్యం నవల, దొంగల నవల, నవ్వుకునే నవల? నీ నవల ప్రేమ కథ అయితే మొదటి పేరాలో ప్రేమే ఉండాలి. ఎవరు ఎవర్ని ప్రేమించారు, ఏది అడ్డం వచ్చింది. అది చూసి "గిరిజన జీవితం లేదు" అనేవాడి దగ్గర నవల వెనక్కి తీసుకో. తొందరేం లేదు.

పట్టించుకోరన్న భయమూ ఇప్పుడు మునుపటంత అవసరం లేదు. కేరళలో మలయరయర్ తెగకు చెందిన నారాయణ్ 'కొచ్చరేత్తి' నవల 1998లో అచ్చయింది, తర్వాత ఇంగ్లీషులోకి వెళ్లింది. సంతాలీ రచయిత హాంస్‌దా సౌవేంద్ర శేఖర్ నేరుగా ఇంగ్లీషులోనే నవల రాశాడు. మన దగ్గర రమేశ్ కార్తీక్ నాయక్ 'ఢావ్లో' కథలకు 2024లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది. రేపు నీ నవల గురించి ఢిల్లీ నుంచి ఒక అనువాదకుడో సంపాదకుడో ఒక పేజీలో చెప్పమంటాడు. అప్పుడు పరుగెత్తి మైదానం ప్రొఫెసర్ గారి చేత రాయించుకుంటే ఆయన ఏం రాస్తారో ఊహించగలను. "అడవితల్లి" అన్న మాటతో మొదలవుతుంది.

భాష గురించి ఒక మాట. "భాషాదోషాలుంటే మన్నించండి" అన్న వాక్యాన్ని పూర్తిగా కొట్టేయండి. నిజంగా దోషాలుంటే దిద్దుకుని పంపాలి, లేకపోతే క్షమాపణ దేనికి? పైగా మనలో చాలామందికి తెలుగు రెండో భాష. గోండీలోనో, కువిలోనో, సవరలోనో కలలు కనేవాడు తెలుగులో రెండు వందల పేజీలు రాశాడంటే అది తక్కువ పని కాదు. గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని నిఘంటువు, వ్యాకరణం రాస్తే తెలుగువాళ్లు ఇవాళ్టికీ కీర్తిస్తారు. న్యాయమే. అటు నుంచి ఇటు వచ్చిన మన పిల్లలు మాత్రం క్షమించమని అడుక్కుంటారు! మొదటి పేరాలో మన భాష మాట ఒకటి పడితే పడనీయండి. దాని పక్కన అర్థం తగిలించే పని లేదు, వాక్యంలోనే తెలిసేలా రాస్తే చాలు. పోడు అంటే ఏమిటో పై పేరాలో ఎవరూ చెప్పలేదు, అర్థం కాలేదా? అలాగని ఉత్తరం నిండా మన పదాలు కుమ్మరించి, చదివేవాడు తికమకపడితే ఆనందించడమూ వద్దు.

టీచర్లకు ఒక పని అప్పగిస్తున్నాను. ఎనిమిదో తరగతి పిల్లల చేత వాళ్లకు బాగా తెలిసిన ఒక కథ, నాయనమ్మ చెప్పిందయినా సరే, సినిమా అయినా సరే, చూడని స్నేహితుడికి ఆరు వాక్యాల్లో చెప్పించండి. షరతులు రెండే. "మంచి", "అమాయక" అనే మాటలు వాడకూడదు. ముగింపు చెప్పకూడదు. విన్న పిల్లవాడు "తర్వాత ఏమైంది?" అని అడిగితే చెప్పినవాడు గెలిచినట్టు. అడగకపోతే మళ్లీ రాయాలి. మా బళ్లో ఇది చేయించాం. లెక్కల్లో ఎప్పుడూ తల వంచుకుని కూర్చునే పిల్ల, వాళ్ల ఊరి చెరువు గట్టు మీద కనబడే ముసలిదాని కథ మూడు వాక్యాలు చెప్పేసరికి క్లాసంతా బెంచీలు వదిలి ఆమె చుట్టూ చేరింది. ఆమెకు సెలవుచీటీ రాయడం ఇప్పటికీ సరిగ్గా రాదు. నేను పట్టుబట్టడం లేదు.

మిగతా ఉత్తరం సంగతి తేలిక. నవల పేరాకు కింద నీ గురించి రెండు వాక్యాలు. ఇంతకుముందు కథలు అచ్చయి ఉంటే ఏ పత్రికలో, ఏ సంవత్సరం. ఆపైన హామీపత్రం: ఇది నా సొంత రచన, అనువాదమో అనుసరణో కాదు, ఎక్కడా అచ్చు కాలేదు, వేరే చోట పరిశీలనలో లేదు అని. పోటీలకైతే రాతప్రతి మీద పేరు ఉండకూడదని చాలాచోట్ల నియమం ఉంటుంది, చూసుకోండి. ఫోను నంబరు తప్పక రాయండి. మీ ఊళ్లో సిగ్నల్ అందకపోతే, మండల కేంద్రంలో ఉన్న చుట్టాల నంబరో, బడి నంబరో కూడా కింద రాసి, ఏ వేళకు చేస్తే దొరుకుతారో చెప్పండి.